ర్యోకో తానీ: జూడో జీవితం, ప్రజాదరణ

ర్యోకో తానీ (పెళ్లికి ముందు ర్యోకో తమురా, జననం 1975 సెప్టెంబరు 6, ఫుకుఓకా) జపాన్‌కు చెందిన జూడో క్రీడాకారిణి, మాజీ పార్లమెంటు సభ్యురాలు. మహిళల 48 కిలోల విభాగంలో 1992 నుంచి 2008 వరకు వరసగా ఐదు ఒలింపిక్స్‌లో ఆడింది. ఐదింటిలోనూ పతకంతోనే ఇంటికి తిరిగింది: రెండు స్వర్ణాలు, రెండు రజతాలు, ఒక కాంస్యం. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో ఏడుసార్లు స్వర్ణం గెలిచింది. 2007లో అంతర్జాతీయ జూడో సమాఖ్య ఆమెను జూడో చరిత్రలోనే అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఆమె ఎత్తు 146 సెంటీమీటర్లు. జపాన్‌లో చిన్నా పెద్దా అందరూ ఆమెను 'యవారా-చాన్' అనే ముద్దుపేరుతో పిలిచారు. ఈ పేరు ఒక కామిక్ కథలోని నాయికది. చాలామంది ఛాంపియన్లకు పతకాలు వచ్చాక పేరు వస్తుంది. తమురాకు మాత్రం పేరు ముందే వచ్చింది, ఒలింపిక్ స్వర్ణం ఆ తర్వాత పదేళ్లకు గాని రాలేదు. ఆమె క్రీడాజీవితాన్ని చదివేటప్పుడు ఈ వరసను గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆమెకు దక్కిన అభిమానానికి, ఆమె మీద పడిన ఒత్తిడికి, చివరి రోజుల్లో రేగిన వివాదానికి కూడా మూలం అక్కడే ఉంది.

జూడో: గెలుపు లెక్క

జూడోను 1882లో టోక్యోలో కనో జిగోరో రూపొందించారు. జపాన్‌లో అంతకుముందు నుంచీ ఉన్న జుజుత్సు విద్యలోని ప్రమాదకరమైన దెబ్బలను పక్కనపెట్టి, విసరడం, నేలకు అదిమిపట్టడం, గొంతు బిగించడం, మోచేతి కీలును మెలిపెట్టడం అనే నాలుగు రకాల పట్లను ఒక క్రమంలో పెట్టి నేర్పారు. ఆయన స్థాపించిన కోదోకాన్ నేటికీ ఈ విద్యకు ప్రధాన పీఠం (చూ. కోదోకాన్).

పోటీలో ఎదుటివారిని వేగంగా, బలంగా, వీపు పూర్తిగా నేలకు తగిలేలా విసిరితే 'ఇప్పోన్'. అది పడిన క్షణమే ఆట ముగిసిపోతుంది. కొంత తక్కువ స్థాయి విసురుకు 'వాజా-అరి' ఇస్తారు. తమురా ఆడిన కాలంలో వీటికి దిగువన 'యూకో', 'కోకా' అనే చిన్న పాయింట్లు కూడా ఉండేవి. దాడికి దిగకుండా కాలం గడిపినా, నిబంధన తప్పినా 'షిడో' అనే హెచ్చరిక పడుతుంది, అప్పట్లో దానితో ఎదుటివారికి పాయింటు వెళ్లేది. కోకాను బీజింగ్ ఒలింపిక్స్ తర్వాత తీసేశారు. ఈ చిన్న పాయింట్ల సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. తమురా గొప్ప విజయాలు చాలావరకు ఇప్పోన్‌తో వచ్చాయి, ఒలింపిక్స్‌లో ఆమె ఓటములు మాత్రం స్వల్ప తేడాతో జరిగాయి.

48 కిలోలు మహిళల జూడోలో అతి తేలికైన విభాగం. 1997 తర్వాత మిగిలిన విభాగాల్లో చాలావాటి బరువు హద్దులు మారినా ఇది మారలేదు. అందుకే 1991 నాటి తమురాను, 2008 నాటి తానీని ఒకే కొలబద్దతో చూడవచ్చు.

పూర్వరంగం: మహిళల జూడో

కోదోకాన్‌లో మహిళా విభాగం 1926లోనే ఏర్పడింది. అయితే స్త్రీలు జూడో నేర్చుకోవచ్చు గాని పోటీపడకూడదన్న అభిప్రాయం జపాన్‌లో దశాబ్దాల పాటు బలంగా ఉండేది. జాతీయ స్థాయిలో మహిళలకు బరువు విభాగాల వారీ పోటీలు 1978లో మాత్రమే మొదలయ్యాయి. పురుషుల జూడో 1964 టోక్యో ఒలింపిక్స్‌లోనే చేరింది కాబట్టి, ఈ రెంటి మధ్య దూరం ఎంతో అర్థమవుతుంది.

మహిళలకు తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1980లో జరిగింది, అదీ జపాన్‌లో కాదు, న్యూయార్క్‌లో. దాని వెనుక అమెరికా జూడో కోచ్ రస్టీ కనోకోగి పట్టుదల ఉంది (చూ. రస్టీ కనోకోగి). 1984లో వియన్నాలో కావోరి యమగుచి 52 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచి జపాన్‌కు తొలి మహిళా ప్రపంచ ఛాంపియన్ అయింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో మహిళల జూడోను ప్రదర్శన క్రీడగా పెట్టారు. 1992 బార్సిలోనాలో ఏడు విభాగాలతో పూర్తిస్థాయి పతకాల క్రీడగా చేర్చారు.

1980ల్లో 48 కిలోల విభాగాన్ని ఏలింది బ్రిటన్‌కు చెందిన కరెన్ బ్రిగ్స్. 1982 నుంచి 1989 మధ్య ఆమె నాలుగుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచింది. తమురా పేరు తొలిసారి పత్రికలకెక్కింది బ్రిగ్స్‌ను ఓడించినందుకే.

బాల్యం, తొలి విజయం

క్యుషూ దీవిలోని ఫుకుఓకా నగరంలో తమురా పెరిగింది. రెండో తరగతిలో ఉండగా, అన్నయ్య వెళ్తున్న జూడో బడికే తానూ వెళ్లడం మొదలుపెట్టింది. ఫుకుఓకాలో 1983 నుంచి ఏటా డిసెంబరులో అంతర్జాతీయ మహిళల జూడో టోర్నమెంటు జరిగేది. ప్రపంచంలోని మేటి క్రీడాకారిణులు అక్కడికి వచ్చేవారు. సొంత ఊళ్లోనే ప్రపంచ స్థాయి పోటీ జరగడం ఆ అమ్మాయికి పెద్ద వరమైంది.

1990లో ఆ టోర్నమెంటులో ఆడినప్పుడు ఆమెకు 15 ఏళ్లు. ఇంకా హైస్కూలులో కూడా చేరలేదు. బ్రిగ్స్‌ను ఓడించి, టైటిల్ గెలిచింది. జుట్టును నడినెత్తిన ముడివేసుకున్న ఈ చిన్న పిల్ల, నాలుగుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన క్రీడాకారిణిని చాప మీద పడేసిన దృశ్యం జపాన్ అంతటా టీవీల్లో కనిపించింది. మరుసటి ఏడాది బార్సిలోనాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆమెకు కాంస్యం దక్కింది. అక్కడ స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ క్రీడాకారిణి సెసిల్ నొవాక్ ఆ తర్వాత ఏడాది మళ్లీ ఆమె దారికి అడ్డొచ్చింది.

'యవారా!' కామిక్, ముద్దుపేరు

నవోకి ఉరసావా గీసిన 'యవారా!' కామిక్ 1986 నుంచి 1993 వరకు ఒక ప్రముఖ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. కథానాయిక యవారా ఇనోకుమా హైస్కూలు విద్యార్థిని. ఆమె తాత జిగోరో జూడోలో ఉద్దండుడు. మనవరాలిని బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిపించాలన్నది ఆయన పంతం. ఆ అమ్మాయికేమో తోటివాళ్లలా మంచి బట్టలు కట్టుకోవాలని, ప్రేమలో పడాలని కోరిక. ఇష్టం లేకుండానే గొప్పగా జూడో ఆడుతుంది. 1989 నుంచి 1992 వరకు ఇది టీవీలో యానిమేషన్ ధారావాహికగా కూడా వచ్చి, ఇంటింటికీ చేరింది. ఈ పాత్రకు స్ఫూర్తి కావోరి యమగుచి అని చెబుతారు.

కథలోని యవారా పొట్టి అమ్మాయి, 48 కిలోల విభాగంలో ఆడుతుంది, తనకన్నా పెద్దవాళ్లను అవలీలగా విసిరేస్తుంది. సరిగ్గా అలాంటి అమ్మాయే నిజంగా ఫుకుఓకాలో కనిపించేసరికి పత్రికలు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆ పేరే పెట్టేశాయి. ఉరసావా కథ మొదలుపెట్టినప్పుడు తమురా ఇంకా పదేళ్ల పిల్ల. కాబట్టి ఆమెను చూసి ఈ పాత్రను సృష్టించారన్న మాట సరికాదు.

ఈ పోలిక వల్ల రెండు ఫలితాలు కలిగాయి. మహిళల జూడో అంటే ఏమిటో తెలియని కుటుంబాల్లో కూడా ఆమె గెలుపోటములు చర్చకు వచ్చాయి, ఆటకు అంతకుముందు లేని ప్రేక్షకులు వచ్చారు. అదే సమయంలో, కథలోని అమ్మాయి గెలవాల్సిన పతకాన్ని ఈ అమ్మాయి కూడా గెలిచి తీరాలన్న ఆశ 16 ఏళ్ల వయసులోనే ఆమె భుజాల మీద పడింది. కథలో యవారాకు జూడో అంటే విముఖత, తమురాకు అదే ప్రాణం. ఈ తేడాను అభిమానులు పెద్దగా పట్టించుకోలేదు.

ఒలింపిక్స్

బార్సిలోనా, 1992. సెమీఫైనల్లో తమురా మళ్లీ బ్రిగ్స్‌తో తలపడింది. భుజం గాయంతో బాధపడుతూనే ఆడిన బ్రిగ్స్‌ను దాటి ఫైనల్ చేరింది. ఫైనల్లో నొవాక్ చేతిలో ఓడింది. పదహారేళ్ల అమ్మాయికి ఒలింపిక్ రజతం అసాధారణ విజయమే. ఇంటి దగ్గర మాత్రం చాలామంది దానిని అందకుండా పోయిన స్వర్ణంగానే చూశారు.

అట్లాంటా, 1996. మధ్యలోని నాలుగేళ్లు ఆమెకు ఓటమే లేదు. 1993లో హామిల్టన్‌లో, 1995లో చిబాలో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. వరసగా 84 ఆటలు గెలిచి అట్లాంటా ఫైనల్లో అడుగుపెట్టింది. ఎదురుగా ఉన్నది ఉత్తర కొరియా నుంచి ప్రత్యేక ప్రవేశంపై వచ్చిన, బయటి ప్రపంచానికి అసలు తెలియని, 16 ఏళ్ల క్యే సున్-హుయి. ఆమె ఆటను చూసినవారు లేరు, వీడియోలు లేవు, ముందస్తు వ్యూహానికి ఆధారమే లేదు. ఫైనల్లో క్యే గెలిచింది. ఒలింపిక్ జూడోలో అతి పిన్నవయసు విజేతగా నిలిచింది. తర్వాతి కాలంలో పై బరువు విభాగాలకు మారి నాలుగుసార్లు ప్రపంచ టైటిల్ గెలుచుకుంది. అంటే తమురాను ఓడించినది అదృష్టం కలిసొచ్చిన అనామకురాలు కాదు, మరో మహా క్రీడాకారిణి. ఆ రోజు మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియదు. నాలుగేళ్ల క్రితం తానే 16 ఏళ్ల వయసులో సాధించలేనిదాన్ని, మరో 16 ఏళ్ల అమ్మాయి తన మీద సాధించడం తమురాకు గట్టి దెబ్బ.

సిడ్నీ, 2000. రెండు రజతాల తర్వాత ఈ ఒలింపిక్స్‌కు బయలుదేరే ముందు, ఎక్కువలో ఎక్కువ స్వర్ణం, తక్కువలో తక్కువ స్వర్ణం అని ఆమె ప్రకటించింది. ఈ మాట జపాన్‌లో నానుడిలా మారిపోయింది. సెప్టెంబరు 16న జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి రష్యాకు చెందిన లియుబొవ్ బ్రులెతోవా. ఆట మొదలై నిమిషం కూడా గడవలేదు. తమురా పట్టు దొరకబుచ్చుకుని, ప్రత్యర్థి బరువును ముందుకు లాగి, తన కాలిని ఆమె రెండు కాళ్ల మధ్యకు పంపి తొడ లోపలి వైపు నుంచి పైకి ఎగదోసింది. 'ఉచి-మాతా' అనే ఈ విసురు సాధారణంగా పొడుగు కాళ్లవారి ఆయుధం. బ్రులెతోవా వీపు చాపకు తగిలింది, రిఫరీ చెయ్యి పైకి లేచింది, ఇప్పోన్. తొలి ప్రేమికుణ్ని ఇన్నాళ్లకు కలుసుకున్నట్లుందని తమురా కన్నీళ్లతో చెప్పింది. అదే రోజు పురుషుల 60 కిలోల విభాగంలో తదహిరో నొమురా కూడా జపాన్‌కు స్వర్ణం అందించాడు.

ఏథెన్స్, 2004. అప్పటికి ఆమెకు పెళ్లయి ఇంటిపేరు తానీగా మారింది. తమురాగా స్వర్ణం, తానీగానూ స్వర్ణం అన్నది ఈసారి ఆమె మాట. ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు చీలమండకు గాయమైంది. సాధన తగ్గించుకుని, ఆగస్టు 14న బరిలో దిగింది. ఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెదెరిక్ జోసినెను ఓడించి స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. ఒలింపిక్ జూడోలో రెండు స్వర్ణాలు గెలిచిన తొలి మహిళ ఆమే. సిడ్నీలో లాగే నొమురా కూడా అదే రోజు గెలిచాడు, అతనికది వరసగా మూడోది.

బీజింగ్, 2008. ఈసారి నినాదం అమ్మగా కూడా స్వర్ణం. సెమీఫైనల్లో రొమేనియాకు చెందిన అలీనా దుమిత్రుతో ఆట పాయింట్లు లేకుండా సాగింది. చివరి క్షణాల్లో రిఫరీ తానీకి షిడో ఇచ్చాడు. ఆ ఒక్క హెచ్చరికతో దుమిత్రు ఫైనల్‌కు వెళ్లి స్వర్ణం గెలిచింది. తానీ ఆ నిరాశను దిగమింగుకుని, కాంస్యం కోసం జరిగిన ఆటలో రష్యాకు చెందిన లుద్మీలా బొగ్దనోవాను ఇప్పోన్‌తో ఓడించింది. బీజింగ్‌లో జపాన్‌కు అదే తొలి పతకం.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు

ఆ కాలంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రెండేళ్లకోసారి జరిగేది. తమురా 1993లో హామిల్టన్ (కెనడా), 1995లో చిబా, 1997లో పారిస్, 1999లో బర్మింగ్‌హామ్, 2001లో మ్యూనిక్, 2003లో ఒసాకా నగరాల్లో వరసగా ఆరుసార్లు గెలిచింది. పదేళ్ల పాటు ఆ విభాగంలో మరొకరికి ప్రపంచ టైటిల్ దక్కలేదన్నమాట. 2005లో గర్భవతిగా ఉండి ఆడలేదు. కైరోలో జరిగిన ఆ పోటీలో క్యూబాకు చెందిన యానెత్ బెర్మోయ్ విజేత అయింది. 2007లో రియో డి జనీరోలో తిరిగి వచ్చి ఏడో స్వర్ణం గెలిచింది.

ఒలింపిక్ పతకాలకు వచ్చిన ప్రచారంలో ఈ ఏడు విజయాలకు తగినంత గుర్తింపు దక్కలేదు. నిజానికి ఆమె గొప్పతనానికి బలమైన సాక్ష్యం ఇదే. ప్రపంచ ఛాంపియన్‌కు ఎక్కడికెళ్లినా ప్రత్యర్థులు కాచుకుని ఉంటారు, ఆమె ప్రతి కదలికనూ వీడియోల్లో పరిశీలిస్తారు. అలాంటి పరిస్థితుల్లో, 18వ ఏట మొదలైన పరంపర 32వ ఏట వరకు సాగింది. మధ్యలో ఒక ప్రసవం కూడా ఉంది.

ఆట తీరు

జూడో శిక్షకులు ఏ విసురునైనా మూడు దశలుగా నేర్పుతారు: ప్రత్యర్థి నిలకడను చెదరగొట్టడం, తన శరీరాన్ని సరైన చోట అమర్చుకోవడం, విసరడం. చూసేవారికి మూడోదే కనబడుతుంది. తమురా ప్రత్యేకత మొదటి రెండింటిలో ఉంది. ఆమె ఆటను నెమ్మదిగా తిప్పి చూస్తే, చేతులు ఎక్కువగా కదలకముందే పాదాలు రెండు మూడు చిన్న అడుగులు వేసేసి ఉంటాయి.

ఆమె పేరుపొందిన విసురు 'సెయోయి-నాగె'. ప్రత్యర్థి చొక్కా చేతిని, కాలరును పట్టుకుని, గిర్రున తిరిగి ఆమెకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి ఆమె నడుము కన్నా కిందికి దిగి, భుజం మీదుగా ముందుకు విసరడం ఇది. ఇక్కడ పొట్టిగా ఉండటం లోపం కాదు. 160 సెంటీమీటర్ల ప్రత్యర్థి కిందికి చేరడానికి పొడుగువారు బాగా వంగాలి, ఆ వంగడంలో క్షణాలు పోతాయి. తమురా తిరిగి నిలబడితేనే సగం పని అయిపోయేది.

అయితే ఒకే విసురు ఉంటే ప్రత్యర్థులు దానికి విరుగుడు కనిపెడతారు. సెయోయి-నాగె భయంతో వెనక్కి వాలిన వారిని 'కొఉచి-గారి'తో, అంటే లోపలి వైపు నుంచి మడమను ఊడ్చి, వెనక్కే పడేసేది. దానికి భయపడి ముందుకు వాలితే 'తాయ్-ఓతోషి'తో కాలు అడ్డుపెట్టి ముందుకు దొర్లించేది. ఎటు వాలినా ఆపదే. పెద్ద ఆటగాళ్ల కాళ్ల కింద దూరి పైకెత్తి పడేసే విసురులు కూడా ఆమెకు వచ్చు.

బలహీనతలు కూడా ఉన్నాయి. పొడవైన చేతులున్న వారు దూరం నుంచి ఆమె కాలరు వెనుక పట్టు సాధించి, దగ్గరికి రానివ్వకుండా ఆడితే ఆమె లోపలికి దూరడం కష్టమయ్యేది. బీజింగ్ సెమీఫైనల్లో పట్టుల పెనుగులాటలోనే సమయమంతా కరిగిపోయింది.

దేశీయ పోటీ, ఎంపిక వివాదం

ఆ రోజుల్లో జపాన్‌లో ఒలింపిక్ జట్టును ఒక్క పోటీ ఫలితంతో తేల్చేవారు కాదు. ఏటా వసంతంలో జరిగే అఖిల జపాన్ బరువు విభాగాల ఛాంపియన్‌షిప్ ఫలితాన్ని, అంతర్జాతీయ రికార్డును కలిపి చూసి సమాఖ్య నిర్ణయించేది. ఈ పద్ధతి వల్లే తానీ చివరి ఒలింపిక్స్ ఎంపిక వివాదమైంది.

చాలా ఏళ్లపాటు దేశంలో ఆమెకు పోటీయే లేదు. 2002లో తొమోకో ఫుకుమి అనే 16 ఏళ్ల విద్యార్థిని ఆమెను ఓడించి, స్వదేశంలో 65 ఆటలుగా సాగుతున్న విజయ పరంపరకు తెర దించింది. ప్రసవం తర్వాత తిరిగొచ్చిన తానీని 2007 ఫైనల్లో ఫుకుమి మళ్లీ ఓడించింది. అయినా ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు సమాఖ్య తానీనే పంపింది. ఆమె రియోలో గెలిచి ఆ నిర్ణయం సరైనదేనని చూపింది. 2008లో కథ మళ్లీ మొదలైంది. ఫైనల్లో ఎమి యమగిషి చేతిలో తానీ ఓడింది. బీజింగ్‌కు మాత్రం తానీయే వెళ్లింది.

ఈ ఎంపికను సమర్థించినవారు ఆమె అంతర్జాతీయ అనుభవాన్ని, అప్పటి ప్రపంచ టైటిల్‌ను చూపారు. విమర్శించినవారు, చాప మీద గెలిచినవారికి అవకాశం ఇవ్వకపోతే దేశీయ పోటీకి అర్థమేముందని అడిగారు. ప్రసిద్ధి ఎంపికలో పాత్ర పోషించిందా అన్న ప్రశ్న కూడా వచ్చింది. రెండు వాదనల్లోనూ బలముంది. నిబంధనల ప్రకారం సమాఖ్య నిర్ణయంలో తప్పు లేదు, అయితే వరసగా రెండేళ్లు నిరాశ తప్పని యువ క్రీడాకారిణుల బాధ కూడా న్యాయమైనదే. ఫుకుమి 2009లో రాటర్‌డామ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయి, తన స్థాయి ఏమిటో నిరూపించుకుంది.

వివాహం, మాతృత్వం, వృత్తి

తమురా తేక్యో విశ్వవిద్యాలయంలో చదివింది, తర్వాత టొయోటా మోటార్ సంస్థ ఉద్యోగిగా ఆడింది. జపాన్‌లో ఒలింపిక్ స్థాయి క్రీడాకారులు చాలామంది ఇలా కంపెనీల తరఫున ఆడతారు. కంపెనీ జీతం ఇచ్చి, సాధనకు వీలు కల్పిస్తుంది (చూ. జపాన్‌లో కార్పొరేట్ క్రీడలు).

2003 డిసెంబరులో బేస్‌బాల్ ఆటగాడు యోషితోమో తానీని పెళ్లాడింది. అప్పటికి అతను ఓరిక్స్ జట్టు సభ్యుడు. అట్లాంటా ఒలింపిక్స్‌లో అతనికీ రజతమే వచ్చింది, ఏథెన్స్‌లో కాంస్యం. బేస్‌బాల్ ఆ దేశంలో అత్యంత ఆదరణ ఉన్న ఆట కాబట్టి, ఈ పెళ్లి క్రీడా పేజీలు దాటి ముఖపత్ర వార్త అయింది.

2005 చివరలో తొలి కొడుకు పుట్టాడు, రెండో కొడుకు 2009లో. ప్రసవం తర్వాత తిరిగి ప్రపంచ విజేత కావడం అప్పటి జపాన్ మహిళా క్రీడల్లో చాలా అరుదు. పెళ్లితోనో, తొలి కాన్పుతోనో క్రీడాజీవితం ముగియడం మామూలుగా ఉన్న ఆ రోజుల్లో, పసిబిడ్డ తల్లిగా ఆమె బరిలో దిగడం యువ క్రీడాకారిణులకు కొత్త దారి చూపింది. ఆమె మీద వచ్చిన రాజకీయ విమర్శల హోరులో ఈ విషయం మరుగున పడటం విచారకరం.

రాజకీయాలు

2010 జులైలో జరిగిన జపాన్ ఎగువ సభ ఎన్నికల్లో తానీ డెమోక్రటిక్ పార్టీ ఆఫ్ జపాన్ తరఫున, దామాషా పద్ధతి జాబితా నుంచి గెలిచింది. ఆమెను రాజకీయాల్లోకి తెచ్చినది ఆ పార్టీ అగ్రనేత ఇచిరో ఒజావా. ఎంపీగా ఉంటూనే లండన్ ఒలింపిక్స్‌కు సిద్ధమవుతానని ఆమె మొదట చెప్పడంతో, రెండు బాధ్యతలకూ న్యాయం జరగదని విమర్శలొచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో పోటీ జూడో నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది.

2012లో వినియోగ పన్ను పెంపుపై పార్టీ చీలినప్పుడు ఒజావా వెంట బయటికొచ్చి, ఆయన పెట్టిన కొత్త పార్టీలో చేరింది. ఆరేళ్ల పదవీకాలం 2016లో ముగిసింది. చాప మీద ఆమెకు దక్కిన ఏకగ్రీవ అభిమానం సభలో దక్కలేదు. రాజకీయాల్లోకి రావడంతో ఆమెను ఇష్టపడేవారు, ఇష్టపడనివారు అని జనం రెండుగా చీలారు. క్రీడాకారిణిగా ఆమె స్థానాన్ని అంచనా వేసేటప్పుడు ఈ రెండో అధ్యాయాన్ని విడిగా చూడటమే సబబు.

రికార్డులు, తర్వాతి తరం

ఐదు ఒలింపిక్ పతకాలు గెలిచిన తొలి జూడో క్రీడాకారిణి తానీ. పురుషుల్లోనూ అప్పటికి అన్ని పతకాలు గెలిచినవారు లేరు. ఆ సంఖ్యను దాటినది ఫ్రాన్స్‌కు చెందిన భారీకాయుడు టెడ్డీ రినేర్. అయితే అతని పతకాల్లో మిశ్రమ జట్టు పోటీవి కూడా ఉన్నాయి, తానీ కాలంలో ఆ పోటీ ఒలింపిక్స్‌లో లేదు (చూ. టెడ్డీ రినేర్). బార్సిలోనాలో మహిళల జూడో పతకాల క్రీడగా మొదలైన నాటి నుంచి తొలి ఐదు ఒలింపిక్స్‌లోనూ పతకం గెలిచింది ఆమె ఒక్కతే. ఈ రికార్డును ఇకపై ఎవరూ తిరగరాయలేరు.

భారతదేశంలో జూడోకు ఇంత ఆదరణ లేదు. 48 కిలోల విభాగంలో మణిపూర్‌కు చెందిన సుశీలా దేవి లిక్మాబమ్ కామన్వెల్త్ క్రీడల్లో రెండు రజతాలు గెలిచి, టోక్యో ఒలింపిక్స్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించింది.

జపాన్‌లో తానీ తర్వాత ఆ విభాగంలో ఒలింపిక్ స్వర్ణం కోసం చాలాకాలం నిరీక్షించాల్సి వచ్చింది. లండన్‌లో ఫుకుమికి పతకమే దక్కలేదు. రియోలో అమి కొందోకు కాంస్యం, టోక్యోలో ఫునా తొనాకికి రజతం దక్కాయి. చివరకు 2024లో పారిస్‌లో, బార్సిలోనా ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లోనే పుట్టిన నత్సుమి త్సునోదా, ఏథెన్స్ నాటి తానీ విజయం తర్వాత 20 ఏళ్లకు మళ్లీ 48 కిలోల స్వర్ణాన్ని జపాన్‌కు తెచ్చింది.